ఆదివారం చర్చ: పంక్ పేర్లు, పన్ను స్వచ్ఛందమేనా?

అందరికీ నమస్కారం 🙏

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు మా మేడ మీద కలుద్దాం. ఈసారి రెండు అంశాలు.

ముందు పంక్, అంటే వేగంగా, గట్టిగా వాయించే ఒక రకం రాక్ సంగీతం. రామోన్స్ అనే అమెరికన్ బ్యాండ్ 1976లో తెచ్చిన మొదటి ఆల్బమ్‌లో 14 పాటలు, అన్నీ కలిపి అరగంటలోపే! ఆ వేగాన్ని ఇంకా పెంచి 1980ల మొదట్లో వాషింగ్టన్ కుర్రాళ్లు వాయించింది హార్డ్‌కోర్. మరి పంక్ నుంచే పుట్టి వేరే దారి పట్టిన పోస్ట్ పంక్ హద్దు ఎక్కడ? ఇలా సంగీతానికి పెట్టే పేర్లు దారి చూపిస్తాయా, గోడలు కడతాయా? నా మటుకు పేర్లు ఉండాల్సిందే. అవి లేకపోతే సగం బ్యాండ్లు నాకు దొరికేవే కావు.

తర్వాత పన్ను. 1960లో ఫ్లోరా అనే పన్ను కేసులో అమెరికా సుప్రీంకోర్టు తమ పన్ను విధానం స్వచ్ఛంద మదింపు, చెల్లింపుల మీద నడుస్తుందని రాసింది. ఆ ఒక్క మాట పట్టుకుని 'ఇష్టముంటేనే కడతాం' అన్నవాళ్ల వాదన అక్కడి కోర్టుల్లో నిలబడలేదు. లెక్క ముందు మనమే వేసి చెప్పాలన్నదే దాని అర్థం. మన దగ్గరేమో జీతం చేతికి రాకముందే టీడీఎస్ పేరుతో పన్ను కట్ అవుతుంది. దాన్ని ఏమనాలి? గట్టిగా మాట్లాడుకుందాం.

అందరూ:
👉 శుక్రవారం రాత్రిలోగా వస్తున్నారో లేదో ఇక్కడే చెప్పండి.
👉 ఒక్కొక్కరు ఒక్క పాట పంపండి, అది ఏ రకమో ఒక వాక్యంలో రాయండి.
👉 పే స్లిప్ తెస్తే పేరు, పాన్ నంబర్ కనబడకుండా చూసుకోండి.

స్పీకర్ నేను తెస్తాను. 8 తర్వాత సౌండ్ పెట్టం, కింద పిల్లలకు పరీక్షలు. టైముకి రండి!