కొత్త కోచ్ ఎవరంటారు?

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ క్రీడల పేజీ అడుగున ‘కాలేజీ కోచ్‌కు ఏడాదికి వంద కోట్ల పైనే’ అని నాలుగు వాక్యాల వార్త వేశారు. అమెరికాలో లూసియానా స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకు లేన్ కిఫిన్ కోచ్‌గా వచ్చిన సంగతి అది. పక్కనే గుండ్రటి బంతిని తంతున్న కుర్రాడి బొమ్మ. వార్త సరే, బొమ్మే తప్పు. అక్కడివాళ్లు ఫుట్‌బాల్ అనే ఆటలో బంతి పీచు తీయని టెంకాయలా కోలగా ఉంటుంది. కాలితో తన్నేది తక్కువ, చంకలో ఇరికించుకుని పరిగెత్తేది ఎక్కువ. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, పోలేకపోతే బంతి అవతలివాళ్లది. చెడుగుడు ఆడినవాడికి అర్థం కావడానికి పది నిమిషాలు చాలు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ కోచ్ వేట జరిగినన్నాళ్లూ నేను ఆ ఊళ్లోనే ఉన్నాను. మా అమ్మాయి పురుడికని 2025 సెప్టెంబరులో నేనూ మా ఆవిడా బేటన్ రూజ్ వెళ్లాం. మా ఆవిడకు పథ్యం వంటలు, పసిబిడ్డ స్నానాలతో ఊపిరాడని పని. నాకేమో పొద్దున్నే యూనివర్సిటీ చెరువు గట్టున నడక తప్ప మరో పని లేదు. అక్కడే లక్షా రెండు వేల మంది పట్టే స్టేడియం. దాని ఎదురుగా పెద్ద ఆవరణలో నిజం పులి! జట్టు పేరు టైగర్స్ కదా, అందుకని పెంచుతారు. మన ఎస్వీ జూలో పులిని చూడటానికి టికెట్ కొన్న నాకు, నడకకు పోతూ రోజూ ఊరికే పులిని చూడటం భలే అనిపించేది.

అక్టోబరు 25 శనివారం రాత్రి ఆ స్టేడియంలోనే టెక్సస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ జట్టు చేతిలో 49-25తో ఓడిపోయారు. మర్నాటికల్లా కోచ్ బ్రయాన్ కెల్లీని తీసేశారు. పదేళ్ల కాంట్రాక్టు, నడుస్తున్నది నాలుగో ఏడు. మధ్యలో పంపించినందుకు ఆయనకు దక్కాల్సింది సుమారు 5 కోట్ల 40 లక్షల డాలర్లు. మన లెక్కలో 450 కోట్ల పైమాటే. ముప్పై రెండేళ్లు ఫిజికల్ డైరెక్టర్‌గా చేసి నేను తెచ్చుకున్న గ్రాట్యుటీ ఎంతో ఇక్కడ రాయను.

ఇక సోమవారం నుంచి ఆ ఊరికి వేరే ధ్యాస లేదు. కొత్త కోచ్ ఎవరు? మన తిరుపతి పాఠకులకు ఈ టెన్షన్ గురించి విడమరిచి చెప్పాలా? 2024 జూన్‌లో ఎన్నికల ఫలితాలు వచ్చాక టీటీడీ చైర్మన్ ఎవరని అక్టోబరు ఆఖరుదాకా మనం ఎన్ని పేర్లు నమిలామో గుర్తుందిగా. బాలాజీ కాలనీలో టీ తాగే ప్రతి ఒక్కరికీ అమరావతిలో ఒక ‘మనిషి’ ఉండేవాడు. అక్కడా అదే తంతు. మా అల్లుడి పక్కింటి పెద్దాయన, డెబ్బై దాటిన మనిషి, గుమ్మానికి ఊదా, పసుపు రంగుల జెండా కట్టుకుని ఉండేవాడు. చెత్త డబ్బా రోడ్డు మీద పెట్టే వేళకు నేను బయట కనిపిస్తే చాలు, ఆ రోజు పేరు చెప్పేవాడు. నవంబరు సగానికి వచ్చేసరికి పేరు ఒక్కటే మిగిలింది, కిఫిన్. ఆయన అప్పటికి పక్క రాష్ట్రంలో ఓల్ మిస్ అని పిలిచే మిసిసిపి యూనివర్సిటీ జట్టుకు కోచ్. జట్టు వరసగా గెలుస్తోంది. ఆయన కోసం ఫ్లోరిడా వాళ్లూ కాచుకుని ఉన్నారు. ఆయన కుటుంబం విమానంలో వచ్చి మా ఊరు చూసి వెళ్లిందన్న వార్త వచ్చిన రోజు పెద్దాయన నన్ను నిలబెట్టి ఫోన్ చూపించాడు. మ్యాప్ మీద చిన్న విమానం బొమ్మ కదులుతోంది. ‘ఇది ఎవరి విమానం?’ అన్నాను. ‘అదే తేల్చుకోవాలి’ అన్నాడు! ఆయన భార్య లోపలి నుంచి కాఫీ చల్లారిపోతోందని కేకేస్తోంది.

రాజకీయం కూడా వచ్చి పడింది. రాష్ట్ర గవర్నరు జెఫ్ లాండ్రీ (అక్కడ గవర్నరంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు) మీడియా ముందుకొచ్చి, కొత్త కోచ్‌ను ఆ యూనివర్సిటీ క్రీడల డైరెక్టరు ఎంపిక చేయడని తేల్చేశాడు. అంతకంటే ట్రంప్‌కే వదిలేస్తామని ఒక ముక్క కూడా విసిరాడు. మర్నాడే ఆ డైరెక్టరు పదవి పోయింది. ఇదంతా కాలేజీ పిల్లల ఆట గురించి, సార్.

ఇంత గోలలో నన్ను తొలిచిన సంగతి ఒకటి ఉంది. కెల్లీ పోయాక జట్టును నడిపిన మనిషి ఫ్రాంక్ విల్సన్. అప్పటిదాకా సహాయ కోచ్. రెగ్యులర్ సీజన్‌లో మిగిలిన నాలుగు ఆటల్లో రెండు గెలిపించాడు. ఏ కుర్రాడికి మోకాలు ఇంకా నయం కాలేదో, ఎవడి ఇంట్లో ఏం జరిగిందో రోజూ చూస్తున్నవాడు. పక్కింటి పెద్దాయన నాకు చెప్పిన పాతిక పేర్లలో ఆ పేరు ఒక్కసారీ రాలేదు. నేనే ఒకరోజు అడిగాను. ‘మంచివాడే’ అని, మళ్లీ విమానంలోకి తల దూర్చేశాడు.

దీన్ని పట్టుకుని నేనెందుకు వేలాడుతున్నానో చెప్పాలంటే నా సిగ్గు సంగతి ఒకటి చెప్పుకోవాలి. 1992లో నేను చిత్తూరు జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీకి బదిలీ మీద వెళ్లాను. అంతకు ముందు ఏడాదిన్నర అక్కడ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) పోస్టు ఖాళీ. స్టాఫ్ రూములో అదే ముచ్చటట. కడప నుంచి ఎన్‌ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) కోచింగ్ కోర్సు చేసినాయన వస్తాడని ఒకరు, యూనివర్సిటీకి ఆడినాయన రికమెండేషన్ పెట్టించాడని ఇంకొకరు. ఆ ఏడాదిన్నరా ఫుట్‌బాల్ (మన గుండ్రటి బంతి ఆటే) పిల్లల్ని చూసుకున్నది గ్రౌండ్‌మన్. సున్నంతో గీతలు గీసేవాడు, బంతి కుట్లు ఊడితే చెప్పులు కుట్టే సూదితో కుట్టేవాడు, పొద్దున్నే ఆరింటికి ఈల ఊదేవాడు. చదువు ఏడో తరగతి. ఆయన పేరు ఎవరి నోటా రాలేదని వేరే చెప్పక్కర్లేదు.

నేను వెళ్లిన మూడో వారమే అంతర్ కళాశాలల పోటీలు. ఆయన తయారు చేసిన పదకొండు మందిని నేను నా తెలివితో మార్చాను. గోల్ కీపరుగా ఆడే పొట్టి కుర్రాడిని పక్కన కూర్చోబెట్టి, ఆరడుగుల అబ్బాయిని నిలబెట్టాను. పొడుగు ఉంటే చాలుననుకున్నాను. ముందు ఆటలు లాగి లాగి, మా ఆట మొదలయ్యేసరికి నాలుగున్నర దాటింది. డిసెంబరు నెల. మొదటి సగంలో ఆ అబ్బాయి రాతి గోడలా నిలబడ్డాడు. ఒక గోల్ ఆధిక్యంలో ఉన్నాం. మసక పడ్డాక రెండు బంతులు వాడి పక్కనుంచే పోయాయి. రెండోదానికి వాడు చెయ్యి కూడా ఎత్తలేదు, బంతి వలలో పడ్డ చప్పుడు విని వెనక్కి తిరిగాడు. 2-1తో ఇంటికొచ్చాం.

వల విప్పి చుడుతుంటే గ్రౌండ్‌మన్ నా మొహం చూడకుండా అన్నాడు: ‘పొద్దు కుంకితే వానికి చూపు ఆనదు సార్. రేచీకటి.’

‘ముందే చెప్పొచ్చు కదయ్యా’ అని అరిచాను.

‘మీరు అడగలా, నేను చెప్పలా’ అన్నాడు.

ఆ పిల్లవాడిని మర్నాడు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను, అది వేరే కథ. ఇన్నేళ్లయినా బంతి చప్పుడు విని వెనక్కి తిరిగిన ఆ తల నాకు కళ్లకు కట్టినట్టే ఉంది.

నవంబరు 30న కిఫిన్ రానే వచ్చాడు. ఏడేళ్లకు ఒప్పందం, ఏడాదికి సుమారు కోటీ 30 లక్షల డాలర్లు. విమానాశ్రయానికి జనం పరుగులు. అక్కడ ఓల్ మిస్ ఊళ్లో జనం తిట్లతో సాగనంపారు. తిట్టరా మరి? పన్నెండు ఆటల్లో పదకొండు గెలిచి, ప్లేఆఫ్ వాకిట్లో ఉన్న పిల్లల్ని వదిలి పోయాడు. ప్లేఆఫ్ కూడా నేనే ఆడిస్తానన్నాడు, వాళ్లు కుదరదన్నారు. అతని కింద డిఫెన్స్ చూసుకునే పీట్ గోల్డింగ్‌నే పూర్తిస్థాయి కోచ్‌ను చేశారు, ఊళ్లకు ఊళ్లు గాలించకుండా. ఆ జట్టు ప్లేఆఫ్‌లో మొదట తులేన్‌ను ఓడించింది. జనవరి 1న మాకు గంటన్నర దూరంలోని న్యూ ఓర్లీన్స్‌లో జార్జియాను కూడా ఓడించింది. సెమీఫైనల్లో మయామీ చేతిలో ఓడిపోయారు, అయినా పరువుగా ఓడారు. జార్జియా ఆట మర్నాడు పక్కింటి పెద్దాయన చెత్త డబ్బా పెట్టి, నాకు చెయ్యి ఊపి, మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయాడు.

కిఫిన్ మంచి కోచ్ కాడని నేననను. రేపు ఆ జట్టు చాంపియన్ కావచ్చు, పెద్దాయన జెండా కొత్తది కొనుక్కోవచ్చు. నేను అడిగేది మీ పేజీ గురించే. ఐపీఎల్ జట్టుకైనా, మన ఫుట్‌బాల్ టీముకైనా, ఆఖరికి జిల్లా జట్టుకైనా కోచ్ మారినప్పుడల్లా మీరు ‘రేసులో ఉన్నది వీరే’ అని ఫోటోలతో పెట్టెలు కట్టి వేస్తారు. వెయ్యండి, నేనూ ఆవురావురుమంటూ చదువుతాను. ఆ పెట్టెల పక్కన ఒక మూల, ఈ మధ్యకాలంలో పిల్లల చేత ప్రాక్టీసు చేయిస్తున్నది ఎవరో కూడా వెయ్యండి. మీ విలేకరి పొద్దున ఆరింటికి గ్రౌండుకు పోయి, ఈల ఎవరి మెడలో ఉందో చూస్తే సరిపోతుంది.

బొమ్మ సంగతి మరిచిపోకండి. మా అల్లుడు ఆ కోల బంతి ఒకటి కొనిచ్చి పంపాడు, మా వీధి పిల్లలు దానికి టెంకాయ బంతి అని పేరు పెట్టారు. క్రికెట్ బ్యాటుతో కొడితే అది ఎటు పోతుందో దేవుడికే తెలియాలి, నిన్న మా ఎదురింటి వాళ్ల తులసి కుండీ పగిలింది. మీ ఫోటోగ్రాఫర్ వస్తానంటే బంతి శుభ్రంగా తుడిచి పెడతాను. కుండీ డబ్బులు నేనే ఇచ్చుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్,
కొర్లగుంట, తిరుపతి.