కాలనీ సంక్షేమ సంఘం, గాజువాక: 2025-26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

డ్రైనేజీ, వీధిలైట్ల పనులు ఎప్పటిలాగే నడిచాయి, ఆ జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో కోశాధికారి గారు చదువుతారు. ఈ ఏడాది మన సమయం ఎక్కువగా పోయింది మాత్రం ఉద్యోగాల గొడవల మీదే. మన వీధుల్లో ఆటోనగర్ షెడ్లకి వెళ్లేవాళ్లు, బట్టల షాపుల్లో చేసేవాళ్లు, దువ్వాడ సెజ్‌కి బస్సెక్కేవాళ్లు ఎంతమందో, వాళ్లకి జీతాలిచ్చే ఓనర్లలోనూ కొందరు మన సభ్యులే.

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు (కొత్త కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాయి, 29 పాత చట్టాలు వాటిలో కలిసిపోయాయి. అప్పటినుంచి ఆదివారాలు ఆఫీసు గది ఖాళీ లేదు. ప్రతి ఉద్యోగికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాల్సిందే, మానేసినా తీసేసినా బాకీ జీతం రెండు పనిదినాల్లో చేతికి రావాలి, ఓవర్‌టైమ్‌కి రెట్టింపు కట్టాలి. ఈ మూడూ చెప్తే చాలామంది "నిజమేనా అండీ?" అని మళ్లీ అడిగారు.

ఒక షాపులో ఏడేళ్లు చేసి మానేసిన చెల్లెమ్మకి పది వేలిచ్చి సంతకం పెట్టమన్నారట. ఆమె పే స్లిప్ తీసి బోర్డు మీదే లెక్క వేశాం: బేసిక్ 12,000, దాన్ని 26తో భాగించి 15తో, ఆపైన ఏడేళ్లతో గుణిస్తే గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి చేసి మానేసినవాళ్లకి ఓనరు ఇవ్వాల్సిన డబ్బు) 48,461 రూపాయలు. రాతపూర్వకంగా అర్జీ పెట్టించాం, డబ్బు మొత్తం వచ్చింది. ఆ పే స్లిప్‌లే లేకపోతే మనం ఏం చూపించేవాళ్లం?

ఓనర్లకీ టెన్షన్లు ఉన్నాయి, వాళ్లనీ వినాలి. పదిమంది పనివాళ్లున్న ఒక షెడ్డు ఓనరు గారు ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) అంటే భయపడ్డారు. 15,000 జీతం మీద ఆయన కట్టేది 3.25 శాతం, అంటే నెలకి 488 రూపాయలు, కుర్రాడి దగ్గర పట్టేది 113. రేపు మిషన్‌లో ఆ కుర్రాడి చెయ్యి పడితే వైద్యం ఈఎస్ఐ చూసుకుంటుంది, పనికి రాలేని రోజులకి కొంత డబ్బూ ఇస్తుంది. ఇది కాగితం మీద రాసి చూపించాక ఆయనే రిజిస్ట్రేషన్ చేయించుకున్నారు.

పదిమంది గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకి అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తోంది. మన వీధి షాపుల్లో ఇది ఇంకా లేదు, నాకు బాగా బాధ కలిగించే విషయం ఇదే, అందుకే వచ్చే ఏడాది మొదటి పనిగా పెట్టుకున్నాం. పీఎఫ్ పాస్‌బుక్ ఫోన్‌లో చూసుకోవడం రానివాళ్లు యూఏఎన్ నంబరు (పీఎఫ్ గుర్తింపు నంబరు) పట్టుకుని ఏ ఆదివారమైనా రండి.

ఇట్లు,
కార్యదర్శి