డూపులకి పేర్లుండవా అండీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో 1968 నాటి ఇంగ్లీషు యుద్ధం సినిమా ‘వేర్ ఈగిల్స్ డేర్’ గురించి వేశారు కదా, చదివానండి, ఒకటికి రెండుసార్లు చదివాను. రిచర్డ్ బర్టన్ ఫోటో బాగుంది, క్లింట్ ఈస్ట్‌వుడ్ ఫోటో ఇంకా బాగుంది. కానీ హీరోలిద్దరూ ప్రాణాలకి తెగించి రోప్‌వే మీద ఫైట్లు చేశారని రాసేశారు చూడండి, అక్కడ నాకు కాఫీ దిగలేదు. ఆ సినిమా నేను చూసింది హాల్లో కూర్చుని కాదు. పాలకొల్లులో ఓ థియేటర్ క్యాబిన్లో, ప్రొజెక్టర్ పక్కన నిలబడి, గోడకున్న చిన్న కంతలోంచి చూశాను, అదీ వారం రోజులు. అందుకే ఈ ఉత్తరం.

1974 ఎండాకాలం అండి. నేను రీళ్ళు చుట్టే కుర్రాణ్ణి. ఇంగ్లీషు సినిమా అంటే మాకు మార్నింగ్ షో ఒక్కటే, ప్రింటు విజయవాడ గాంధీనగర్ నుంచి రేకు పెట్టెల్లో బస్సు మీదొచ్చేది. బయట ఎండ, లోపల ప్రొజెక్టర్ వెలుగు కోసం కాల్చే కార్బన్ల మంట, బనీను పిండితే చెంబుడు నీళ్ళొచ్చేవి, కంతలోంచి చూస్తే మాత్రం తెర నిండా ఆస్ట్రియా మంచు. మొదటి రీల్లో మ్యూజిక్ డైరెక్టర్ రాన్ గుడ్విన్ డ్రమ్ములు మొదలవుతాయి, మంచుకొండల మధ్యలోంచి మూడు ఇంజన్ల జర్మన్ విమానం వస్తుంది, ఆ మోత వినగానే మా ఆపరేటర్ గారు క్యాబిన్ స్పీకర్ గొంతు తగ్గించేసేవారు. రోజూ అంతే. ఆయనది కాకినాడ. 1942 ఏప్రిల్ 6న జపానోళ్ళు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులేసినప్పుడు ఆయన పన్నెండేళ్ళవాడట. అంతకుమించి చెప్పలేదు, నేనూ అడగలేదు.

మూడో రోజో నాలుగో రోజో సరిగ్గా రోప్‌వే ఫైట్లో రీలు తెగింది. బర్టన్ ఒక బండి మీంచి ఎదురొచ్చే బండి మీదకి దూకుతాడు చూడండి, అక్కడ. నేలవాళ్ళు ఒకటే ఈలలు, బెంచీలు చరచడం, ఆపరేటర్ గారు బ్లేడుతో రెండు కొసలూ గీకి ఫిలిం సిమెంట్ అనే జిగురు రాసి అతికించారు, నలిగిపోయిన ముక్క కోసి కింద పడేస్తే నేను తీసుకుని బల్బుకి అడ్డంగా పెట్టి చూశాను. మూడు ఫ్రేములు. సినిమాస్కోప్ ప్రింటు కదా, ఫిలిం మీద బొమ్మ పక్కలకి నొక్కుకుపోయి తాడిచెట్టంత పొడుగ్గా ఉంటుంది. గాల్లో ఉన్నాడు మనిషి, చాచిన చెయ్యి కనిపిస్తోంది, వీపు కనిపిస్తోంది, మొహం లేదు.

“హీరో గట్టోడేనండి” అన్నాను.

“హీరో ఏట్రా, డూపు. దూకింది హీరో అయితే కెమెరా మొహం ఎందుకు దాస్తది?” అన్నారాయన.

“మరి ఆడి పేరేటండి?”

“డూపులకి పేరుండదురా, పెట్టి సర్దు.”

ఆ మాట యాభై ఏళ్ళు నా బుర్రలో ఉండిపోయింది. ఈమధ్య మా మనవడు ఫోన్లో వెతికి చెప్పాడు, పేరుందండి. ఆల్ఫ్ జాయింట్. బర్టన్‌కి డూపుగా ఆ రోప్‌వే బండి మీంచి దూకింది ఆయనే. 1964లో వచ్చిన ‘గోల్డ్‌ఫింగర్’ మొదట్లోనే జేమ్స్ బాండ్‌తో గదిలో కలబడి స్నానాలతొట్టిలో కరెంట్ షాక్ కొట్టి చచ్చిపోయేవాడున్నాడు కదా, వాడూ ఈయనేనట. అంటే నేను ఆయన మొహం అంతకుముందే చూశాను, తెలీలేదంతే.

ఇంకో పెద్దమనిషి యాకిమా కానట్. ఈ సినిమాలో యాక్షన్ సీన్లు తీసిన సెకండ్ యూనిట్ డైరెక్టర్ ఆయన, అప్పటికే డెబ్బై దాటాయి, కుర్రప్పుడు రోడియోలో, అంటే పొగరుబోతు గుర్రాల మీద పడకుండా కూర్చునే పోటీల్లో, ఛాంపియన్. 1939లో ‘స్టేజ్‌కోచ్’లో పరిగెడుతున్న గుర్రాల మధ్య పడి, వాటి కిందనుంచీ బండి కిందనుంచీ నేల మీద జారుకుంటూ పోతాడో మనిషి, అది ఈయనే. ‘బెన్‌హర్’లో రథాల పందెం తీయించిందీ ఈయనే. స్టంట్లకి గాను ఆస్కార్ వాళ్ళు పిలిచి మరీ గౌరవ అవార్డిచ్చారు. మీ వ్యాసంలో మాత్రం ఒక్క లైను లేదు. అర పేజీ బర్టన్, ఎలిజబెత్ టేలర్ల కాపురం మీద రాశారు, అది ఏ సినిమాకైనా అతికించుకోవచ్చు కదండీ.

పోనీ ఆ కాపురంలోంచే వచ్చిన ఒక సంగతుంది, అది రాసినా బాగుండేది. టేలర్ కొడుకులు బర్టన్‌ని, నువ్వు చివర్లో చచ్చిపోని సినిమా ఒకటి చెయ్యవా అని పోరు పెట్టారట, ఆయన వెళ్ళి నిర్మాత ఇలియట్ కాస్నర్‌ని అడిగితే కాస్నర్ వెళ్ళి నవలలు రాసే అలిస్టర్ మెక్లీన్‌ని పట్టుకున్నాడు. మెక్లీన్ సినిమా కోసమే కథ కట్టి స్క్రీన్‌ప్లేతో పాటే నవల కూడా రాసేశాడు. మీరేమో నవల ఆధారంగా తీశారని తేల్చేశారు.

కథ సంగతి చెప్పాలంటే మా హాల్లో సగం మందికి అర్థం కాలేదండి, నాకూ కాలేదు. భోజనాల హాల్లో బర్టన్ తుపాకీ పట్టుకుని నేను జర్మన్ల మనిషినంటాడు, కాదు ఇంగ్లీషోళ్ళ మనిషినంటాడు, ముగ్గురు దొంగ ఏజెంట్ల చేత నోటుబుక్కుల్లో పేర్లు రాయిస్తాడు, ఆ సీను వచ్చినప్పుడల్లా జనం బీడీలకి బయటికి పోయేవారు. వారం చివరికి నాకు తెలిసిందేంటంటే హీరోలు నాజీల కోటలోంచి విడిపించడానికి వెళ్ళిన అమెరికా జనరల్ అసలు జనరలే కాదు, జనరల్ వేషం కట్టిన నటుడు. అదీ డూపేనండి! ఆ డూపు వేషం వేసినాయన రాబర్ట్ బీటీ. షూటింగులో డూపులు ఎక్కువైపోయి ఈ సినిమాకి ‘వేర్ డబుల్స్ డేర్’ అని పెట్టాల్సిందని ఈస్ట్‌వుడ్ స్వయంగా జోకేశాడంటారు. హీరోకి లేని భేషజం మీకెందుకండీ?

కోట ఉన్నది సాల్జ్‌బర్గ్ దగ్గర వెర్ఫెన్లో, హోహెన్‌వెర్ఫెన్ అంటారు. దానికి రోప్‌వే లేదు. రోప్‌వే తీసింది వేరే చోట, ఎబెన్‌సే దగ్గర ఫోయర్‌కోగెల్ కొండ మీద. ఎక్కడో ఉన్న తాడు తెచ్చి ఎక్కడో ఉన్న కోటకి కట్టేస్తే ఒక్క ప్రేక్షకుడికి అనుమానం రాలేదంటే అది కెమెరా ఆర్థర్ ఇబెట్సన్, ఎడిటర్ జాన్ జింప్సన్ల గొప్ప. తప్పులు లేవని కాదు, 1944 నాటి కథలో యుద్ధం అయిపోయాక వచ్చిన మోడల్ హెలికాప్టర్ దర్జాగా దిగుతుంది. డైరెక్టర్ బ్రయాన్ హటన్ ఆ తర్వాత నాలుగైదు సినిమాలు తీసి, అన్నీ వదిలేసి రియల్ ఎస్టేట్లోకి వెళ్ళిపోయాడు, భీమవరంలో పుట్టాల్సిన మనిషి.

హైడీ వేషం వేసినావిడ ఇంగ్రిడ్ పిట్ గురించి “గ్లామర్ ఒలకబోసిన” అని రాసి ఊరుకున్నారు. ఆవిడ వార్సాలో పుట్టి, చిన్నపిల్లగా వాళ్ళమ్మతో పాటు నాజీల ష్టుట్‌హోఫ్ క్యాంపులో మగ్గి బతికి బయటపడింది. అలాంటి మనిషి నాజీ అఫీసర్లకి బీరు పోసే పిల్ల వేషంలో నవ్వుతూ తిరుగుతుంటే నాకు ఇప్పుడు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది, అప్పుడు మాత్రం నేనూ ఈల వేశాను లెండి.

మాది పాలకొల్లండి. అల్లు రామలింగయ్య గారు, దాసరి గారు, కోడి రామకృష్ణ గారు పుట్టిన ఊరు, సినిమా అంటే తెర మీద కనిపించేవాళ్ళే కాదని ఇక్కడ టీ కొట్టు వాడికి కూడా తెలుసు. మీ పేజీలో మన తెలుగు సినిమాలకీ ఇదే వరస, హీరో ఇరవై అడుగుల మీంచి దూకాడు, గుర్రం మీంచి పడ్డాడు అంటారు, పడ్డవాడి నడుం ఏమైందో ఎవరూ రాయరు. వచ్చే ఆదివారం ఓ చిన్న సవరణ వెయ్యండి, రోప్‌వే మీంచి దూకింది ఆల్ఫ్ జాయింట్ అని, యాకిమా కానట్ పేరు కూడా కలిపి. రెండు లైన్లు చాలు.

ఆ మూడు ఫ్రేములూ నా దగ్గరే ఉన్నాయి, అగ్గిపెట్టెలో. రంగు పోయి మొత్తం గులాబీ రంగుకి తిరిగింది గానీ మనిషి ఇంకా గాల్లోనే ఉన్నాడు. ఫోటో తీసుకుంటానంటే మీ విలేకరిని పంపండి, కాఫీ ఇస్తాను. పోస్టులో మాత్రం పంపను.

ఇట్లు,
ఒకప్పటి రీళ్ళ కుర్రాడు,
పాలకొల్లు.