ఎలుగుబంటి సంగతి మనకెందుకు? – 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

గడచిన సంవత్సరంలో కాలువ గట్టున మొక్కలు నాటడం, వేసవి చలివేంద్రం నడపడం యథాప్రకారం జరిగాయి. వాటి జమాఖర్చులు కోశాధికారి గారి పట్టికలో ఉన్నాయి గనుక ఇక్కడ తిరిగి రాయడం లేదు. వివరంగా చెప్పవలసింది వన్యప్రాణి అవగాహన కార్యక్రమం గురించే. ఈ ఏడాది దానికి ఎలుగుబంటిని ఎంచుకోవడంపై కార్యవర్గంలోనే అభ్యంతరం వచ్చింది. కోనసీమలో ఎలుగుబంటి ఎక్కడుంది, కోరంగి మడ అడవుల్లోని నీటికుక్కల గురించి చెప్పుకుంటే సరిపోదా అని పెద్దలు అడిగారు. ప్రశ్న సబబైనదే. అయితే ఆ జంతువు మన పొలిమేరకు రాకపోయినా, తీర్థాల్లో కొనే తాయెత్తుల ద్వారా, ఏజెన్సీకి వెళ్లే విహారయాత్రల ద్వారా దానితో మన లావాదేవీ సాగుతూనే ఉందని కార్యవర్గం భావించింది.

మూతికి తాడు కట్టిన ఎలుగును వీధి వీధినా ఆడించిన రోజులు పెద్ద వయసు సభ్యులందరికీ గుర్తే. జడుసుకున్న పిల్లలను దాని వీపున ఎక్కించి తిప్పడం, వెంట్రుకను తాయెత్తులో పెట్టి మొలతాడుకు కట్టడం ఇంటింటా జరిగేది. ఆ ఆటకు ముందు తల్లిని చంపి పిల్లను పట్టుకురావడం, కాల్చిన సూదితో మూతిని పొడిచి తాడు ఎక్కించడం ఉండేవన్నది చూసేవారికి కనిపించేది కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ జంతువుకు రక్షణ కల్పించింది. ఎలుగులతో ప్రదర్శనలను కేంద్ర ప్రభుత్వం 1998లో నిషేధించింది. వైల్డ్‌లైఫ్ ఎస్ఓఎస్ సంస్థ 2002లో ఆగ్రా వద్ద మొదలుపెట్టిన పునరావాసం 2009 నాటికి ఆరు వందలకు పైగా ఎలుగులకు తాడు విప్పించింది, వాటిని ఆడించిన ఖలందర్ కుటుంబాలకు వేరే బతుకుతెరువు చూపించింది. ఆ కుటుంబాలను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదని ఇక్కడ చెప్పక తప్పదు. చుట్టూ మూగి చిల్లర వేసినది ఊళ్లే కదా.

ఆట పోయినా తాయెత్తుపై నమ్మకం పోలేదు. అందుకే కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి మన కార్యకర్తలు కరపత్రాలతో వెళ్లారు. ఎలుగు గోరు గాని వెంట్రుక గాని కొనడం, అమ్మడం నేరమని, శిక్ష మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు ఉంటుందని, పైగా చేతికొచ్చేది ఎలుగు వెంట్రుకో మేక వెంట్రుకో తేల్చుకునే దారి కొనేవారికి లేదని అందులో రాశాం. మనవడి మొలతాడు చూపించి, "కట్టాకే గదా జడుపు తగ్గింది" అని ఒక మామ్మగారు వాదిస్తే మనవాళ్లు జవాబు చెప్పలేకపోయారు. ఆవిడ కరపత్రం అడిగి మరీ తీసుకుని, అందులో జీళ్లు పొట్లం కట్టుకున్నారు. మేకవెంట్రుక మాట మాత్రం చాలామందిని ఆలోచింపజేసిందని, చట్టం పేరు అంతగా పనిచేయలేదని కార్యకర్తలు తెలిపారు.

అన్నిటిలోకీ సార్థకమైనది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి మన తోటల్లో కొబ్బరికాయల దింపుకు వచ్చే ఒక కార్మికుడి ప్రసంగం. అక్కడ కొబ్బరి, జీడి, పనస తోటలు ఊళ్లను ఆనుకునే ఉంటాయి; పండ్ల వాసనకు ఎలుగు వస్తుంది, చీకటితోనే జీడిపిక్కలు ఏరడానికి మనుషులు వెళతారు, ఇద్దరూ ఒకే చెట్టు కింద ఎదురుపడతారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో మనుషులపై దాడి చేసిన ఎలుగు, పట్టుబడిన తరువాత చనిపోయింది. "దానికి మనమీద పగేటుంటాది బాబూ, దానికీ బయ్యమే" అన్నారాయన. చూపు, వినికిడి అంత చురుకైనవి కాకపోవడం వల్ల మనిషి బాగా దగ్గరికి వచ్చేదాకా అది గమనించదు, ఉలిక్కిపడితే తల మీదికి, ముఖం మీదికి లంఘిస్తుంది. కాబట్టి వాళ్లు గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ, డబ్బా వాయిస్తూ తోటలోకి వెళతారట. చెదపుట్టను గోళ్లతో చీల్చి, ముందు దుమ్మును ఊదేసి, తరువాత చెదలను జుర్రుకునే తీరును ఆయన నోటితో చేసి చూపిస్తే పిల్లలు మళ్లీ మళ్లీ చేయించుకున్నారు. పై వరుసలో ముందు పళ్లు రెండు లేకపోవడం ఆ జుర్రుడుకు అనువైన అమరికే.

కార్తిక వనభోజనాలు మారేడుమిల్లి వైపు జరిగాయి. ఆ అడవులూ, 2008లో ప్రకటించిన పాపికొండ జాతీయ ఉద్యానమూ ఎలుగులున్న చోట్లే కనుక మైకు పెట్టకూడదని, పొద్దుగూకాక వాగు వైపు ఒంటరిగా వెళ్లకూడదని, మిగిలిన అన్నం, విస్తళ్లు బస్సులోనే తిరిగి తేవాలని షరతు విధించాం. వాసనకు యువకులు విసుక్కున్నా షరతు అమలైంది.

2024 సెప్టెంబరులో కడియం నర్సరీల్లో చిరుత తిరిగినప్పుడు, ఎలుగు కూడా దిగిందంటూ ఎక్కడిదో వీడియో మన వాట్సాప్ గ్రూపులో చక్కర్లు కొట్టింది. ఇకపై అటువంటివి అటవీ శాఖను విచారించిన మీదటే పెట్టాలని తీర్మానించాం.

వచ్చే వేసవిలో ఉద్దానం జీడితోటల్లో పిక్కలు ఏరేవారికి టార్చిలైట్లు, ఈలలు పంపాలన్న ప్రతిపాదన, దానికి ప్రత్యేక చందా వేయాలా లేక సాధారణ నిధి నుంచి తీయాలా అన్న అంశం సర్వసభ్య సమావేశం నిర్ణయానికి వదిలాం.

– కార్యదర్శి