పీఆర్‌కు గడువు లేదు, తిరిగి రావడానికి మాత్రం ఉంది

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఎన్నారై పేజీలో ఈమధ్య వచ్చిన వ్యాసంలో "ఆస్ట్రేలియా పీఆర్ ఐదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి" అని రాశారు. పీఆర్ అంటే పర్మనెంట్ రెసిడెన్సీ, శాశ్వతంగా నివసించే హోదా. ఒక్క వాక్యమే గానీ, దాన్ని పట్టుకుని ఇక్కడ మెల్‌బోర్న్‌లో మా వాట్సాప్ గ్రూపులో పెద్ద రచ్చే జరిగింది. కొందరు ఐదేళ్లు దాటితే మూటాముల్లె సర్దుకోవాలా అని టెన్షన్ పడుతుంటే, ఇంకొందరు "ఏం కాదు, పీఆర్ అంటే జీవితాంతం, ఎక్కడ ఎన్నేళ్లున్నా పర్లేదు" అని ధైర్యం చెబుతున్నారు. రెండూ తప్పే, అందులో రెండోది మరీ ప్రమాదం. భయపడ్డవాళ్లు కనీసం ఎవరినన్నా అడుగుతారు, ధైర్యవంతులు నేరుగా టికెట్ కొనేస్తారు.

అసలు సంగతి ఇది. ఆస్ట్రేలియాలో పర్మనెంట్ వీసా వస్తే ఆ దేశంలో ఉండటానికి గడువంటూ ఏమీ లేదు, పదేళ్లున్నా ముప్పై ఏళ్లున్నా ఎవరూ వెళ్లమనరు. ఆ వీసాతో పాటు దేశం దాటి వెళ్లి మళ్లీ రావడానికి ఇచ్చే అనుమతి ఒకటుంటుంది, దాన్ని ట్రావెల్ ఫెసిలిటీ అంటారు. ఐదేళ్లు అనేది దానికి. మామూలుగా వీసా ఇచ్చిన రోజు నుంచి లెక్క, మనం విమానం దిగిన రోజు నుంచి కాదు. ఆ ఐదేళ్లు అయిపోయేటప్పటికి దేశం లోపలే ఉంటే ఏమీ కాదు, ఉద్యోగం చేసుకోవచ్చు, ఇల్లు కొనుక్కోవచ్చు, పిల్లల్ని చదివించుకోవచ్చు. ఆ తేదీన బయట ఉంటే మాత్రం పీఆర్ అక్కడితో ఆగిపోతుంది. బయల్దేరినప్పుడు గడువు ఉందిగా అంటే కుదరదు, తిరిగొచ్చి అడుగు పెట్టే రోజుకి ఉండాలి.

వీసా గ్రాంట్ లెటర్ చాలామంది ఒకసారి చూసి, స్క్రీన్‌షాట్ తీసి అందరికీ పంపి, ఇక మళ్లీ తెరవరు. దాన్ని ఒకసారి తెరిచి చూడమని మనవి. స్టే పీరియడ్ అన్నచోట "ఇండెఫినిట్" అని ఉంటుంది, అది చూసి సంతోషపడి ఫైలు మూసేస్తాం. అక్కడే "మస్ట్ నాట్ అరైవ్ ఆఫ్టర్" (ఈ తేదీ దాటాక రాకూడదు) అని ఒక తేదీ ఉంటుంది, మనకు కావాల్సింది అది. లెటర్ దొరక్కపోతే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో వీవో అనే ఉచిత సర్వీసు ఉంది, పాస్‌పోర్టు వివరాలు కొడితే ఇవే చూపిస్తుంది. పాస్‌పోర్టులో స్టాంపు కోసమో స్టిక్కర్ కోసమో వెతక్కండి, 2015 నుంచి ఆస్ట్రేలియా వీసా లేబుళ్లు అంటించడం మానేసింది. అంతా కంప్యూటర్లో పాస్‌పోర్టు నంబరుకి ముడిపడి ఉంటుంది. అందుకే కొత్త పాస్‌పోర్టు తీసుకున్నవాళ్లు ఆ నంబరు ఇమ్మీ అకౌంట్‌లో, అంటే వీసాల కోసం ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉండే మన ఖాతాలో, అప్‌డేట్ చేసుకోవాలి, లేకపోతే వీసా నిక్షేపంలా ఉన్నా చెకిన్ కౌంటర్లో అమ్మాయి స్క్రీన్ చూసి, మన మొహం చూసి, మళ్లీ స్క్రీన్ చూసి సూపర్‌వైజర్ని పిలుస్తుంది.

గడువు దాటాక బయటికి వెళ్లాల్సొస్తే రెసిడెంట్ రిటర్న్ వీసా తీసుకోవాలి, వాడుకలో ఆర్ఆర్‌వీ. వెనక్కి చూస్తే ఐదేళ్లలో మొత్తం 730 రోజులు, అంటే రెండేళ్లు, పీఆర్ హోదాతో ఆస్ట్రేలియాలో గడిపి ఉంటే మళ్లీ ఐదేళ్లకు ఇస్తారు. ఆ రెండేళ్లు ఏకబిగిన ఉండక్కర్లేదు, ముక్కలుగా ఉన్నా కలుపుతారు. స్టూడెంట్ వీసా మీద చదువుకున్న రోజులు ఇందులోకి రావు. రెండేళ్లు నిండకపోతే, ఆస్ట్రేలియాతో గట్టి సంబంధాలు ఉన్నాయని, అంటే ఉద్యోగమో వ్యాపారమో కుటుంబమో అక్కడ ఉందని, దానివల్ల ఆ దేశానికి ప్రయోజనం ఉందని కాగితాలతో చూపించుకుంటే ఏడాది దాకా ఆర్ఆర్‌వీ రావచ్చు. అదీ కుదరనివాళ్లకు 157 అనే నంబరుతో ఇంకో రకం ఆర్ఆర్‌వీ ఉంది, మూడు నెలలే. గత ఐదేళ్లలో కనీసం ఒక్క రోజైనా ఆ దేశంలో పీఆర్‌గా ఉండి, వెళ్లడానికి తప్పనిసరి, మానవీయ కారణం ఉంటే ఇస్తారు. ఇక ఐదేళ్లు ఏకధాటిగా బయటే ఉండిపోయినవాళ్లు ఎందుకుండాల్సి వచ్చిందో బలమైన కారణం చెప్పుకోవాలి.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటుంది. ఆ "గత ఐదేళ్లు" అనేది ఒకచోట నిలబడి ఉండదు, రోజూ ముందుకు జరుగుతూ ఉంటుంది. మనం దేశం బయట గడిపే ప్రతి రోజూ, ఐదేళ్ల కిందట అక్కడ గడిపిన ఒక రోజు లెక్కలోంచి జారిపోవచ్చు. ఇవాళ దరఖాస్తు చేస్తే 730 దాటిన మనిషికి, ఏడాది బయట ఉండి వచ్చాక చేస్తే సరిపోకపోవచ్చు. కాబట్టి ఎక్కువకాలం వెళ్లాల్సిన పని పడితే, ఉన్న గడువు దగ్గర పడుతుంటే, లెక్క సరిపోతున్నప్పుడే, విమానం ఎక్కకముందే దరఖాస్తు పెట్టుకోవడం మేలు. మీ వ్యాసంలో ఈ ముక్క ఉండుంటే ఎంతమందికి ఉపయోగపడేదో!

నాకు తెలిసిన ఒకాయన సంగతి చెప్తాను, పేరు అనవసరం. తండ్రికి పక్షవాతం వస్తే ఉన్నపళాన బయల్దేరాడు, నెలలో వచ్చేద్దామనుకున్నాడు. ఆస్పత్రి, ఫిజియోథెరపీ, ఆ తర్వాత తల్లికి బాగోకపోవడం, ఇలా ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. ఆ గొడవలో గ్రాంట్ లెటర్ ఎవరికి గుర్తుంటుంది? తీరా తిరుగు ప్రయాణం రోజున కౌంటర్ దగ్గర బోర్డింగ్ పాస్ ఇవ్వలేదు. "నాకు పీఆర్ ఉందండీ, అక్కడ ఇల్లుంది, లోన్ కడుతున్నాను" అంటాడీయన, "సిస్టమ్ లో లేదండీ" అంటారు వాళ్లు. ఆ మూల బల్ల మీద కూర్చుని ఫోన్లోనే ఆర్ఆర్‌వీ గురించి మొదటిసారి చదివాడట. చివరికి వీసా వచ్చింది, కానీ అది వచ్చేదాకా ఇక్కడ భార్య ఒక్కతే పిల్లల్ని, ఈఎంఐని, ఆఫీసుని లాక్కొచ్చింది. గడువు దాటాక బయటినుంచి కూడా ఆర్ఆర్‌వీకి దరఖాస్తు చేసుకోవచ్చు, దారి పూర్తిగా మూసుకుపోదు, ఆ మాట ధైర్యం కోసం చెబుతున్నాను. కానీ చేతికి వచ్చేదాకా విమానం ఎక్కనివ్వరు.

మరి సిటిజన్‌షిప్ తీసుకుంటే గొడవే ఉండదుగా అంటారు. నిజమే, పౌరులకు ఈ గడువులు ఉండవు. కానీ మనవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి పీఆర్ మీదే ఉండిపోవడానికి కారణముంది, భారత చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, ఆస్ట్రేలియా పాస్‌పోర్టు తీసుకుంటే మన పాస్‌పోర్టు వదులుకోవాలి, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు తెచ్చుకున్నా ఓటు హక్కు రాదు. అది ఎవరి నిర్ణయం వాళ్లది, తప్పుపట్టడానికి మనమెవరం. పీఆర్ మీదే ఉందామనుకున్నవాళ్లకు మాత్రం ఆర్ఆర్‌వీ జీవితాంతం తోడుండే పని అని తెలిసుండాలి. సిటిజన్‌షిప్ కావాలనుకునేవాళ్లకూ ప్రయాణాల లెక్క తప్పదు. దరఖాస్తుకు ముందు నాలుగేళ్లు చట్టబద్ధంగా ఉండాలి, అందులో చివరి ఏడాది పీఆర్ మీద ఉండాలి, ఆ నాలుగేళ్లలో బయట గడిపింది మొత్తం ఏడాదికి, చివరి పన్నెండు నెలల్లో 90 రోజులకు మించకూడదు.

ఇంకో తలనొప్పి, ఒక దేశం రూలు తెచ్చి ఇంకో దేశానికి అతికించడం. కెనడాలోనూ ఐదేళ్లలో 730 రోజులు అనే మాట ఉంది కాబట్టి రెండూ ఒకటే అనుకుంటారు. కాదు. అక్కడ పీఆర్ కార్డు గడువు తీరినంత మాత్రాన హోదా పోదు, అధికారులు లాంఛనంగా నిర్ణయిస్తేనో మనమే వదులుకుంటేనో పోతుంది. బయట ఉండగా కార్డు గడువు తీరితే విమానం ఎక్కడానికి ట్రావెల్ డాక్యుమెంట్ అడుగుతారు, అంతే. పైగా కెనడా పౌరులైన భార్యతోనో భర్తతోనో కలిసి బయట ఉన్న రోజుల్ని కూడా ఆ 730లో లెక్కేస్తారు. బ్రిటన్లో ఐఎల్ఆర్, అంటే అక్కడి శాశ్వత నివాస అనుమతి, ఉన్నవాళ్లు ఏకధాటిగా రెండేళ్లు దాటి బయట ఉంటే మామూలుగా అది రద్దయిపోతుంది. న్యూజిలాండ్ అయితే ముందు రెసిడెంట్ వీసాకి ప్రయాణ గడువు పెట్టి, తర్వాత పర్మనెంట్ రెసిడెంట్ వీసా ఇచ్చాక ఎప్పుడైనా రావచ్చు పొమ్మంటుంది. వీటిలో ఏదీ ఆస్ట్రేలియాకు పనికిరాదు.

అమెరికా గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అక్కడ పిల్లలు స్పాన్సర్ చేస్తే గ్రీన్ కార్డు వచ్చిన తల్లిదండ్రులు మనలో బోలెడుమంది, వాళ్లలో చాలామంది నమ్మే సూత్రం "ఆరు నెలలకోసారి వచ్చి మొహం చూపించి వెళ్తే చాలు". గ్రీన్ కార్డు మీద పదేళ్లు అని ఉంటుంది కాబట్టి ధీమా. ఆ పదేళ్లు కార్డుకి. ఏడాదికి మించి బయట ఉంటే తిరిగి రావడానికి ఆ కార్డు పనికిరాదు, అంతకాలం ఉండాల్సొస్తుందని తెలిస్తే అమెరికాలో ఉండగానే రీ-ఎంట్రీ పర్మిట్‌కి దరఖాస్తు పెట్టాలి, అది మామూలుగా రెండేళ్ల దాకా ఇస్తారు. ఆరు నెలల్లోపు వచ్చినా గ్యారంటీ ఏమీ లేదు. ఆఫీసరు చూసేది కాపురం అసలు ఎక్కడ ఉందా అని. ఏడాదిలో పది నెలలు బయటా, రెండు నెలలు మనవల దగ్గరా ఉంటే ప్రశ్నలు రావడం ఖాయం. అలాంటప్పుడు హోదా వదులుకుంటున్నట్టు ఐ-407 అనే ఫారం ముందు పెట్టి సంతకం చేయమనవచ్చు. ఆ సంతకం స్వచ్ఛందం, చేయనని చెప్పి ఇమిగ్రేషన్ జడ్జి ముందు వాదించుకునే హక్కు ఉంది. ఇరవై గంటలు ప్రయాణం చేసి, భాష సరిగ్గా అర్థం కాక, ఎదురుగా యూనిఫాం కనిపించేసరికి పెద్దవాళ్లు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టేస్తారు. పిల్లలు ముందే కూర్చోబెట్టి చెప్పాల్సిన మాట ఇది.

మళ్లీ ఆస్ట్రేలియాకే వస్తే, 491 వీసాని కూడా పీఆర్ అని చెప్పుకునేవాళ్లున్నారు, ఏజెంట్లూ అలాగే అమ్ముతున్నారు. అది ఐదేళ్ల ప్రొవిజనల్, అంటే తాత్కాలిక, వీసా. దానికి ప్రయాణంతో పాటు ఉండే గడువు కూడా తీరిపోతుంది, షరతులు నెరవేర్చి 191 అనే శాశ్వత వీసాకి వెళ్తేనే పీఆర్. అలాగే, పీఆర్ ఉన్న దంపతులకు ఆస్ట్రేలియాలో పుట్టిన బిడ్డ పుట్టుకతోనే పౌరురాలు, అదే కాన్పు కోసం బయటికి వెళ్తే పుట్టిన బిడ్డకు ఏదీ దానంతటదే రాదు, విడిగా చైల్డ్ వీసా పెట్టుకుని ఎదురుచూడాలి. కాన్పుకి ఎక్కడికెళ్లాలో పెద్దవాళ్లు నిర్ణయించేటప్పుడు ఈ సంగతి ఎవరూ ఎత్తరు.

మీరు ఒక సవరణ వేయాలని కోరుతున్నాను. మూలన చిన్న అక్షరాల్లో వద్దు, ఆ వ్యాసం వచ్చిన పేజీలోనే, అదే సైజులో వేయండి. ఏ దేశానికి ఆ దేశం రూలు విడిగా రాయండి, హోదా ఎప్పటిదాకా, తిరిగి రావడానికి ఎప్పటిదాకా అన్నవి వేర్వేరుగా చూపించండి. ఈ రూల్సు మారుతుంటాయి కాబట్టి ఏ తేదీ నాటి సమాచారమో కూడా వేయండి. సెలవులకి టికెట్లు బుక్ చేసుకునే రోజులు దగ్గర పడుతున్నాయి, ఈలోపే వస్తే బాగుంటుంది.

ఇట్లు,
మీ పాఠకుడు, మెల్‌బోర్న్