వాన సెలవుల పాఠాలు జూలైలోనే సిద్ధం కావాలి

సంపాదకుల వారికి,

జూన్‌లో వానలు మొదలైంది మొదలు నవంబరు తుపాన్లు దాటేదాకా విజయవాడలో బడి ఏ రోజు మూతపడుతుందో చెప్పలేం. సెలవు కబురు చాలాసార్లు ముందురోజు రాత్రి వస్తుంది. మర్నాడు పొద్దున్నే కొన్ని బడులు ఆన్‌లైన్ క్లాసు లింకు పంపుతాయి. మిగిలినవి తర్వాత రెండో శనివారాల్లో బడి నడిపి రోజుల లెక్క సరిచేస్తాయి. రెండు పద్ధతుల్లోనూ పేదింటి పిల్లలే నష్టపోతున్నారు. ప్రతి తరగతికీ మూడు రోజుల పని ముందుగానే కాగితం మీద సిద్ధంగా ఉండాలి, ఫోను దానికి తోడు మాత్రమే కావాలి.

వీడియో క్లాసు వరదలో నిలవదు. నీళ్లు చేరిన వీధుల్లో షాకు కొట్టకుండా కరెంటు ఆపేస్తారు. కొన్ని గంటలకు సెల్ టవర్ల బ్యాటరీలూ దిగిపోతాయి. సిగ్నల్ ఉన్నచోట కూడా గంట వీడియోకు సుమారు 500 ఎంబీ నుంచి 1 జీబీ దాకా ఖర్చవుతుంది. రోజుకు 1.5 జీబీ వచ్చే ఫోను మీద ఇద్దరు పిల్లలు చదవాలంటే మధ్యాహ్నానికే డేటా అయిపోతుంది. చాలా ఇళ్లలో ఆ ఒక్క ఫోనూ పొద్దున్నే తండ్రితో పాటు పనికి వెళ్తుంది. అదే ఐదు నిమిషాల వాయిస్ మెసేజ్ అయితే ఒకటి రెండు ఎంబీలు దాటదు. రాత్రి ఏడింటికి ఫోను ఇల్లు చేరాక విన్నా పనికొస్తుంది.

ఇక కాగితాల సంగతి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు రోజుకు రెండు కాగితాలు, రెండు వైపులా ముద్రించినవి చాలు. మూడు రోజులకు ఆరు. నలభై మంది ఉన్న సెక్షనుకు 240 కాగితాలు, అంటే 500 కాగితాల రీములో సగం కన్నా తక్కువ. జిరాక్స్ కాగితానికి రెండు రూపాయలనుకున్నా 480 రూపాయలు. ఇంక్‌జెట్ ప్రింటరులో తీయొద్దు, తడిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. జిరాక్స్ అక్షరాలు చెమ్మకు నిలుస్తాయి. పిల్లల చేత రాయించేది కూడా బాల్ పెన్నుతోనే, జెల్ పెన్ను వద్దు.

ఇందులో అందరూ చేసే పొరపాటు కొత్త పాఠం పెట్టడం. అడగడానికి టీచరు పక్కన లేనప్పుడు పిల్లవాడు రెండో మెట్టు దగ్గరే ఆగిపోయి కాగితం పక్కన పడేస్తాడు. అప్పటికే చెప్పిన పాఠమే పెట్టాలి, దాన్ని ఒక్క మెట్టు పైకి తీసుకెళ్లాలి. భిన్నాల కూడిక తీసుకుంటే, మొదట పూర్తిగా చేసిన లెక్క ఒకటి చూపాలి: 2/3 + 1/4, హారాల కనిష్ఠ సామాన్య గుణిజం (క.సా.గు.) 12, కాబట్టి 8/12 + 3/12 = 11/12. దాని కింద 1/2 + 2/5 ఇచ్చి, క.సా.గు. దగ్గర, లవాల దగ్గర ఖాళీలు వదలాలి. మూడో లెక్క ఏ సాయమూ లేకుండా ఇవ్వాలి. నాలుగోది తప్పుగా చేసిన లెక్క, 2/3 + 1/4లోనే లవాలూ హారాలూ విడివిడిగా కూడేసి 3/7 అని రాసినది. తప్పెక్కడుందో పిల్లవాడే రాయాలి. బడి తెరిచాక ఆ నాలుగో జవాబు ఒక్కటి చూస్తే ఎవరికి అర్థమైందో తెలిసిపోతుంది.

ఈ కాగితాల కట్టలు రెండు ఉండాలి. 2025 అక్టోబరులో మొంథా తుపానులా ముందే హెచ్చరిక వస్తే, సెలవుకు ముందురోజు మధ్యాహ్నం బడిలోనే పంచొచ్చు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా సింగ్‌నగర్ మీదికి వచ్చింది ఆదివారం. అలాంటప్పుడు పంచే వీలే ఉండదు. అందుకే ఒక కట్ట జూలైలోనే ఇంటికి పంపి, రేషన్ కార్డు, ఆధార్ ఉంచే ప్లాస్టిక్ కవరులోనే పెట్టమని తల్లులకు చెప్పాలి. రెండోది బడిలో పై అంతస్తు బీరువాలో, సెక్షన్ల వారీగా ఉంచాలి. కింది గది బీరువాలో పెడితే పాఠ్యపుస్తకాలతో పాటే నానిపోతుంది.

ఫోను నంబర్లు జూలై చివరి వారంలో సరిచూడాలి. అడ్మిషన్ నాటి నంబర్లలో చాలావాటికి సిమ్ములు మారి ఉంటాయి. తల్లిది, తండ్రిది, పక్కింటివాళ్లది, మూడూ రాసుకోవాలి. ఒక శనివారం సాయంత్రం అందరికీ మెసేజ్ పంపి, రాత్రికల్లా జవాబు రానివాళ్లను అదే వీధిలో ఉండే తోటి విద్యార్థితో జత కలపాలి. కీప్యాడ్ ఫోనువాళ్లను వదిలేయనక్కర్లేదు. మామూలు కాన్ఫరెన్స్ కాల్‌లో చాలా నెట్‌వర్కుల మీద టీచరు కాక ఐదుగురి దాకా కలవొచ్చు. ముప్పై ఐదు మందికి ఏడు కాల్స్, ఒక్కోటి పది నిమిషాలు. వినికిడి లోపం ఉన్న పిల్లలకు మాత్రం రాసి పంపాలి. టీచర్లకు వరద డ్యూటీలు పడతాయి కాబట్టి ప్రతి జాబితా ఇద్దరి దగ్గర ఉండాలి.

హాజరు విషయంలో గట్టిగా ఒక మాట. పొద్దున పదింటికి ఆన్‌లైన్‌లో ఉన్నాడా లేడా అని హాజరు వేయకూడదు. బడి తెరిచిన ఐదు రోజుల్లో కాగితాలు తెచ్చినవాళ్లకు హాజరు ఇవ్వాలి. ఇల్లు మునిగిన పిల్లలకు ఏ పనీ అడగకుండానే ఇవ్వాలి. విపత్తు మొదటి రోజు ఎవరికీ పని వద్దు, అది పూర్తి సెలవే. ఆన్‌లైన్ చదువులపై కేంద్ర ప్రభుత్వం 2020లో ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాలే ఎనిమిదో తరగతి దాకా ఆన్‌లైన్ బోధన రోజుకు రెండు సెషన్లు, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు మించొద్దన్నాయి. ఆరేడు గంటలు పిల్లల్ని తెర ముందు కూర్చోబెట్టే బడులు అది చదవాలి.

ఇంటి దగ్గర చేసిన పని రోజును పనిదినంగా లెక్కిస్తారో లేదో ఎన్టీఆర్ జిల్లా విద్యాశాఖాధికారి (డీఈవో) కార్యాలయం ముందే రాతపూర్వకంగా చెప్పాలి. విద్యాహక్కు చట్టం ఐదో తరగతి వరకు 200, ఆరు నుంచి ఎనిమిది వరకు 220 పనిదినాలు ఉండాలంటోంది. లెక్క తేలకపోతే ప్రధానోపాధ్యాయులు ఎటూ శనివారాల వైపే మొగ్గుతారు.

బడి లేని రోజు పిల్లలకు మధ్యాహ్న భోజనం కూడా ఉండదు. కొలత ప్రకారం ప్రాథమిక తరగతులకు రోజుకు 100 గ్రాములు, ఆపై తరగతులకు 150 గ్రాముల బియ్యం. కోవిడ్ కాలంలో బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్లకు ఇచ్చిన అనుభవం మన రాష్ట్రానికి ఉంది. తుపాను హెచ్చరిక వచ్చి వర్క్‌షీట్లు పంచే మధ్యాహ్నమే మూడు రోజుల బియ్యం, గుడ్లు కూడా ఇచ్చి పంపేలా ఆదేశాలివ్వాలని విద్యాశాఖను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయిని,
అజిత్‌సింగ్ నగర్, విజయవాడ.