హోం మంత్రి గారూ, మమ్మల్ని సైరన్ రోజుకే పరిమితం చెయ్యకండి

ఆంధ్రప్రదేశ్ హోం మంత్రి గారికి,

నమస్కారం మేడమ్. విశాఖ మల్కాపురం నుంచి రాస్తున్నాను, నేనొక సివిల్ డిఫెన్స్ వాలంటీర్‌ని. వాలంటీర్ అనగానే మన రాష్ట్రంలో ఇంటికొచ్చి పింఛను ఇచ్చినవాళ్లే గుర్తొస్తారు కాబట్టి ముందే చెప్తున్నా, ఇది వాళ్ల సంగతి కాదు. యుద్ధమొస్తే సైన్యం సరిహద్దులో ఉంటుంది, నేవీ సముద్రం మీద ఉంటుంది, మరి ఊళ్లో లైట్లు ఆర్పించడం, మంటలు ఆర్పడం, మూడో అంతస్తు నుంచి ముసలివాళ్లని కిందికి దించడం ఎవరి పని? 1968 పౌర రక్షణ చట్టం కింద పేరు రాయించుకున్న మాలాంటి మామూలు మనుషుల పని.

2025 మే 7న మన ఊళ్లో సైరన్ మోగింది. ఆపరేషన్ సిందూర్ మొదలైన రోజే అది, దేశంలోని 244 సివిల్ డిఫెన్స్ జిల్లాల్లో మాక్ డ్రిల్ పెట్టాలని కేంద్రం చెప్పింది, అందులో విశాఖ ఒకటి. ఆ వారంలోనే మా వీధి నుంచి నలుగురం పేర్లిచ్చాం. శిక్షణలో ఒకాయన రెండు చొక్కాలు తీసుకుని, చేతులు లోపలికి తిప్పి, గుండీలు పెట్టి, వాటిలోంచి రెండు వెదురు కర్రలు దూర్చి స్ట్రెచర్ చేసి చూపించాడు. 80 కిలోల మనిషిని దాని మీద పడుకోబెట్టి నలుగురం లేపాం, ఒక్క గుండీ కూడా ఊడలేదు. ఆ రోజు ఇంటికెళ్లి మా ఆవిడకీ పిల్లలకీ మళ్లీ చేసి చూపించాను.

అంతే మేడమ్. ఆ తర్వాత మాకు ఒక్క ఫోన్ రాలేదు. గుర్తింపు కార్డు లేదు, హెల్మెట్ లేదు, రేపు ఏదైనా జరిగితే ఎక్కడికి వెళ్లాలో, ఎవరికి రిపోర్ట్ చెయ్యాలో తెలీదు. శిక్షణకి వెళ్లిన రెండు రోజులకీ నేను పనిచేసే చోట జీతం కోశారు. డబ్బు సంగతి వదిలేయండి, "నీకెందుకయ్యా ఇవన్నీ" అన్న మాటే ఎక్కువ గుచ్చుకుంది.

అదే మే 7, 2020లో తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది. 12 మంది ప్రాణాలు పోయాయి. జనం నిద్రలోంచి లేచి ఎటు పరిగెత్తాలో తెలియక రోడ్ల మీదే పడిపోయారు. అప్పుడు సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన కమిటీయే తేల్చింది. ఆ వీధుల్లో శిక్షణ ఉన్నవాళ్లు పదిమంది ఉండి, తలుపులు కొట్టి జనాన్ని లేపి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని దారి చూపించి ఉంటే ఎంతమంది బతికేవారో అని ఇప్పటికీ అనిపిస్తుంది. విపత్తుల్లోనూ సివిల్ డిఫెన్స్‌ని వాడుకునేలా కేంద్రం ఎప్పుడో చట్టం మార్చింది. విపత్తుల నిర్వహణ కూడా మీ శాఖే కాబట్టే మీకు రాస్తున్నా.

1971లో పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు అమ్మకి పదేళ్లు. కిటికీలకి నల్లకాగితాలు అంటించుకున్నారట, రాత్రి విజిల్ వేసుకుంటూ ఒకాయన వీధంతా తిరిగేవాడట, చిన్న వెలుతురు కనిపించినా తలుపు తట్టేవాడట. పిల్లలు ఆయన్ని విజిల్ మామయ్య అనేవాళ్లు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మన తీరంలోనే. దాని శకలాలను మొదట తెచ్చి చూపించింది మన జాలర్లేనని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే యుద్ధంలో గుజరాత్‌లోని భుజ్‌లో బాంబులు పడి ఎయిర్‌ఫోర్స్ రన్‌వే దెబ్బతింటే మాధాపర్ ఊరి ఆడవాళ్లు దాదాపు 300 మంది వెళ్లి 72 గంటల్లో బాగుచేశారు. విమానాల్లోంచి చూస్తే కనపడకుండా ఆకుపచ్చ చీరలు కట్టుకుని, సైరన్ మోగితే పొదల్లోకి దూరి, ఆగితే మళ్లీ తట్టలెత్తారు. ఎయిర్‌ఫోర్స్ విమానాలు మళ్లీ ఎగిరాయంటే అందులో వాళ్ల చెమట ఉంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మాకు తుపాకులు వద్దు. పక్క ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదకని సల్వాజుడుం పేరుతో పల్లె కుర్రాళ్ల చేతికి ఆయుధాలిస్తే ఏమైందో చూశాం, కోయ కుటుంబాలు ఊళ్లొదిలి అప్పట్లో మన రాష్ట్రంలోనే ఉన్న ఖమ్మం అడవుల్లోకి వచ్చి బతికాయి, చివరికి 2011లో సుప్రీంకోర్టే ఆపమంది. పోరాడటం సైనికుడి పని. వాడు వెనక్కి తిరిగి చూసుకోవాల్సిన అవసరం లేకుండా ఊరిని కాచుకోవడం మా పని.

మేం అడిగేది పెద్దది కాదు. నెలకో ఆదివారం ప్రాక్టీసు పెట్టించండి. వార్డులవారీగా పేర్లూ ఫోన్ నంబర్లూ పోలీస్ స్టేషన్లోనూ ఫైర్ స్టేషన్లోనూ ఉంచండి. మా ఊరి నిండా రిటైరైన నేవీవాళ్లున్నారు, పిలిస్తే వచ్చి నేర్పుతారు. డ్వాక్రా అక్కాచెల్లెళ్లని కూడా పిలవండి, వీధిలో ఏ ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉన్నారో వాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. నాగపూర్‌లో ఇలాంటి శిక్షణకి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, ఏటా కొందరిని పంపితే వాళ్లు తిరిగొచ్చి మిగతావాళ్లకి చెప్తారు. డ్యూటీలో దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ ఉండాలి. టెరిటోరియల్ ఆర్మీలో, అంటే ఉద్యోగం చేసుకుంటూనే సైన్యానికి అక్కరకొచ్చే దళంలో ఉన్నవాళ్లని సర్వీసుకి పిలిస్తే, తిరిగొచ్చాక పాత ఉద్యోగం ఇవ్వాల్సిందేనని 1948 నాటి చట్టంలో ఉంది. మాకు అంత అక్కర్లేదు, శిక్షణ రోజుకి జీతం కొయ్యొద్దని మీ శాఖ నుంచి ఒక్క ఉత్తరం వస్తే అది తీసుకెళ్లి ఆఫీసులో చూపిస్తాం.

మా నలుగురిలో ఒకడు ఇప్పటికే దుబాయ్ వెళ్లిపోయాడు. మిగతా ముగ్గురం ఇక్కడే ఉన్నాం, వెదురు కర్రలు మా మేడ మీదే ఉన్నాయి. ఏ ఆదివారం రమ్మన్నా వస్తాం.

ఇట్లు,
మల్కాపురం సివిల్ డిఫెన్స్ వాలంటీర్